రొట్టె కింద చేతులు

స్తమేనా తెల్లవారగానే పొయ్యి వెలిగించింది. ఉడికిన గోధుమల్లో చక్కెర, అక్రోటు పొడి కలిపింది. గంపెడు చేపలు శుభ్రం చేసింది. పండుగ రొట్టె మీద పిండితో శిలువ అతికించి పొయ్యిలోకి తోసింది. ఆ రోజు వాళ్ళ ఇంటిని కాచే పునీతుడు నికోలా పండుగ. ఆ పండుగకు ఎవరినీ పిలవరు. ఒకసారి వచ్చినవాళ్ళు ఏటేటా తమంతట తామే వస్తారు. ఇంటాయన కూర్చోడు. వచ్చినవాళ్ళందరికీ నిలబడి వడ్డిస్తాడు.

ఆ ఇంటాయన, స్తమేనా భర్త విదోయే, సివిల్ లాయరు. కొండ మీది పల్లె ఏటిని గొట్టాల్లోకి ఎక్కించి కరెంటు తీస్తామన్న కంపెనీ మీద, ఫీజు తీసుకోకుండా దావా వేశాడు. స్టే తెచ్చాడు. వీధిలో అతను ఎదురైతే పెద్దవాళ్ళు కూడా టోపీ తీసేవారు.

ఆ పొద్దున అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు.

"ఈ ఏడు తలుపు వేసేద్దాం. నాకు ఒంట్లో బాగాలేదని గేటు దగ్గరే చెప్పెయ్."

"ఇన్ని చేపలు ఎవరు తింటారు, నువ్వా?" అంది స్తమేనా.

"పక్కింటికి ఇవ్వు."

"పక్కింటివాళ్ళూ ఇక్కడికే వస్తారు విదోయే."

అతని తల్లి దొబ్రిలా బల్ల దగ్గర గ్లాసులు తుడుస్తోంది. తల ఎత్తలేదు. "యుద్ధంలో కూడా మీ నాన్న ఈ తలుపు మూయలేదురా. ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదమ్మా."

"ఏం చెయ్యనివాడు ఫోను మోగితే ఎందుకు ఉలిక్కిపడతాడు?"

విదోయే గోడకు ఆనుకున్నాడు.

"పోయిన వారం ఏటి కేసు వాయిదాకి వెళ్ళలేదు. ఆ పొద్దున రాజధానిలో టీవీవాళ్ళు మాట్లాడమన్నారు. జడ్జి ఎప్పుడూ ఆలస్యంగానే పిలుస్తుంది కదా, అందుకుంటాననుకున్నాను. ముందే పిలిచింది. మనవైపు ఎవరూ లేరు. దావా వదులుకున్నట్టు రాసేసింది. స్టే కూడా పోయింది."

"పల్లెవాళ్ళు కూడా వెళ్ళలేదా?" అంది స్తమేనా.

"నేనే రానవసరం లేదన్నాను."

"వాళ్ళకి ఏం చెప్పావు?"

"వాయిదా పడిందని."

స్తమేనా పొయ్యి వైపు తిరిగింది. "ఏటి గురించి చెప్పడానికి పోయి ఏటినే వదిలేశావు," అంది మెల్లగా.

దొబ్రిలా ఆఖరి గ్లాసు బోర్లించింది. "తలుపు తీసే ఉంటుంది. గడ్డం గీసుకో. వాళ్ళకి తెలిస్తే నీ నోటి నుంచే తెలియాలి."

మధ్యాహ్నానికి పల్లెవాళ్ళు వచ్చారు. ముందు యగోద అత్త, చేతిలో ఏటి చేపలు. వెనక ఆమె మరిది క్రస్మాన్, చంకలో ప్లమ్ సారా సీసా. గది నిండింది. విదోయే నిలబడి గ్లాసులు నింపాడు.

"పోయిన వారం పొద్దునే నిన్ను టీవీలో చూశాం నాయనా," అంది యగోద. "పల్లెకి పల్లె మా ఇంట్లోనే."

"మా వదిన తలకి కొత్త రుమాలు కట్టుకుంది," అన్నాడు క్రస్మాన్. "టీవీ చూడ్డానికి రుమాలెందుకు వదినా అంటే, లాయరు మనవైపే చూస్తున్నాడు కదా అంది."

అందరూ నవ్వారు. విదోయే పోస్తున్న ద్రాక్షసారా బల్ల మీద ఒలికింది.

"నిన్న ఏటి దగ్గరికి ఓ తవ్వే బండి వచ్చింది లాయరుగారూ," అన్నాడు క్రస్మాన్. "స్టే ఉంది కదా, దారి తప్పి వచ్చుంటుందని నేనే మనవాళ్ళకి సర్దిచెప్పా."

విదోయే సీసా కింద పెట్టాడు. నిలబడే చెప్పాడు. టీవీ సంగతి, జడ్జి పిలిచిన సంగతి, ఆడిన అబద్ధం. ఏదీ దాచలేదు. చెప్పినంతసేపూ బల్ల మీది మరకనే చూశాడు.

క్రస్మాన్ టోపీ పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు గ్లాసులు ముట్టలేదు.

రొట్టె తిప్పే వేళయింది. ఇంటాయన, వచ్చినవాళ్ళలో ఒక పెద్ద చెరోవైపు పట్టుకుని తిప్పి విరవాలి. ఏటా అటువైపు పట్టేది క్రస్మానే. విదోయే రొట్టె రెండు చేతులా ఎత్తి ఒక్కడే నిలబడ్డాడు. దొబ్రిలా కుర్చీలోంచి లేవబోయింది.

"నువ్వు కూర్చో వదినా," అంది యగోద. గుమ్మం దాకా వెళ్ళింది. "క్రస్మాన్, ఇంటికెళ్ళాక కోప్పడుదువుగాని. చెయ్యి కడుక్కుని రా. రొట్టె చల్లారిపోతోంది."

కాసేపటికి క్రస్మాన్ తడి చేతులతో వచ్చాడు. టోపీ తీసి కిటికీలో పెట్టాడు. రొట్టె కింద చేతులు పెట్టాడు.

"దావా మళ్ళీ వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చు. రేపే వేస్తాను. కానీ కొత్త స్టే వచ్చేదాకా ఆ బండిని ఆపడానికి కాగితం లేదు."

"మనుషులున్నాం కదా. దారికి అడ్డంగా కూర్చుంటాం." క్రస్మాన్ అతని మొహంలోకి చూశాడు. "నాకు అబద్ధం చెప్పావు. అది ఇంకా గొంతు దిగలేదు. తిప్పు."

ఇద్దరూ రొట్టె తిప్పారు. విరిచారు. స్తమేనా చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

విదోయే చేపలు వడ్డిస్తూ వచ్చాడు. కన్నీళ్ళు ఆగడం లేదు. రెండు చేతులా పళ్ళెం ఉంది, తుడుచుకోవడానికి వీల్లేకపోయింది. యగోద దగ్గర ఆగాడు. మొహం ఎత్తలేకపోయాడు.

"పెద్ద ముక్క వెయ్యి," అంది ఆమె. "ఇవాళ నిలబడు నాయనా. రేపు కోర్టు పని కాగానే పైకి వచ్చి దారిలో మాతో కూర్చో."