కరఫూనిలో వాన కేక

కరఫూని ద్వీపంలో రిపబ్లిక్ పుట్టిన తొంభై ఎనిమిదో రోజు పొద్దున, రక్షణ మినిస్టర్ మచానో పారిపోయిన సుల్తాన్ పట్టు గౌనులో కూర్చుని ఏజెంట్ ఫాకీ కొంబోకు మిషన్ అప్పగించాడు. గౌను భుజాల దగ్గర పిగిలిపోతోంది. సుల్తాన్ సన్నటి మనిషి.

"రేపు లవంగాలు ఎండబోసే మైదానంలో ప్రెసిడెంట్ ఉపన్యాసం. అక్కడ ఆయన్ని కాల్చేస్తారు."

"ఎవరు?"

"విదేశీ ముఠా. కోడ్ పేరు బుల్‌బుల్. షూటర్ ఒక్కడే. మారువేషంలో వస్తాడు."

"ఏ వేషం?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానోయ్?" మచానో ఒక సిగరెట్ లైటర్ ముందుకు తోశాడు. "ఇందులో కెమెరా ఉంది. సిగరెట్ మాత్రం వెలగదు."

ఫాకీ దాన్ని జేబులో వేసుకున్నాడు.

విప్లవం మొదలైన రోజు అతని అన్న షామే కస్టమ్స్ గేటు దగ్గర గుండు తగిలి పడిపోయాడు. చేతిలో తుపాకీ లేదు. కొమ్మలు వంచే కొక్కెం కర్ర ఉంది. 'లవంగం కోసిన చేతిదే' అన్న ఒక్క మాట కోసం పోయాడు. ఆ మాట మొదట అన్నవాడు ఇప్పుడు ప్రెసిడెంట్. అందుకే ఆయన బతకాలి.

ఈ తొంభై ఎనిమిది రోజుల్లో ఫాకీ చాలా చూశాడు. సుల్తాన్‌ను తరిమినవాళ్ళు ఆయన మంచాల కోసం కొట్టుకున్నారు. వీధుల పేర్లు మూడుసార్లు మారాయి. జైల్లో పాత జైలరే కొత్త టోపీ పెట్టుకుని పాత తాళాలు తిప్పుతున్నాడు. ఫాకీ ఇవేవీ చూడనట్టు ఉండటం నేర్చుకున్నాడు. పోయినవాడి మాట నిలబడితే చాలనుకున్నాడు.

మధ్యాహ్నం రేడియో స్టేషన్ మెట్ల మీద సువైబాను కలిశాడు. ఆమె ద్వీపానికి వార్తలు చదువుతుంది. అవే వార్తలకు ఇంకొంచెం కలిపి, ఇంకో ట్రాన్స్‌మిటర్‌లో విదేశీయులకూ చదువుతుంది. ఈ సంగతి రెండు వైపులవాళ్ళకూ తెలుసు. ఆమెకు అత్తరు సీసాలు రెండు వైపుల నుంచీ వస్తాయి.

"ఇవాళ ఎవరి మనిషివి?" అన్నాడు ఫాకీ.

"ఈ పూట మీ మనిషినే. రేపటి సంగతి రేపు."

"షూటర్?"

"లవంగాలు కోసేవాడి వేషం. చాప పక్కన కూర్చుంటాడు. చేతులకు లవంగాల కర కూడా పూసుకున్నాడు. మన భాష నీకంటే బాగా మాట్లాడతాడు. ప్రెసిడెంట్ 'లవంగం కోసిన చేతిదే' అనగానే కాలుస్తాడు. చప్పట్లలో మోత కలిసిపోతుందని."

"మైదానంలో నాలుగొందల చాపలుంటాయి."

"అందుకేగా నీకీ కబురు డబ్బులడక్కుండా ఇచ్చాను!"

మర్నాడు పది గంటలకు ఫాకీ కాఫీ అమ్మేవాడి వేషంలో మైదానానికి వచ్చాడు. ఒక చేతిలో అడుగున నిప్పులున్న ఇత్తడి కూజా, ఇంకో చేతిలో టకటకలాడే కప్పులు. ముందు వరుసలో అమ్మ రెండు చాపలు పరుచుకుని కూర్చుంది.

"ఒరే కాఫీవాడా," అంది అమ్మ చూడగానే. "ఆ గడ్డం ఎక్కడిదిరా? మేక తిరిగిమ్మని అడగలేదా?"

"మెల్లగా అమ్మా. డ్యూటీలో ఉన్నాను."

"మబ్బు చూశావా? లవంగాలు తడిస్తే తెల్లబడి ఎందుకూ పనికిరావు. చినుకు పడిందా, డ్యూటీ గీటీ జాన్తానై, వచ్చి చాప అందుకో. మీ అన్న ఉంటే నిన్నడిగేదాన్నా?"

ఫాకీ వంగి ఆమె చాప మూల సరిచేశాడు.

వేదిక మీద ప్రెసిడెంట్ ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఫాకీ వరుస వరుసా తిరిగాడు. అందరి చేతులకూ ఒకే కర. అందరివీ మడమల దాకా దిగే మాసిన కంజు చొక్కాలే. ఎవరని పట్టుకుంటాడు?

"సోదరులారా, సుల్తాన్ వెళ్ళిపోయాడు. ఇక ఈ గడ్డ మీద లవంగం..."

ఫాకీ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని గొంతు చించుకున్నాడు.

"వానొచ్చే! చాపలెత్తండోయ్!"

మైదానం మొత్తం ఒక్కసారి లేచింది. కాపలా సిపాయిలు తుపాకులు పారేసి అమ్మల చాపల దగ్గరికి పరుగెత్తారు. ముసలి ఇమాం కంజు పైకి పట్టుకుని ఉరికాడు. ఒక్కరూ ఆకాశం వంక చూడలేదు. కేక వినపడ్డాక చూసే అలవాటు అక్కడ లేదు.

ఒకడు చూశాడు. మూడో వరుసలో తెల్ల టోపీవాడు, కూర్చున్న చోటే కూర్చుని, చినుకు ఎక్కడా అని తల ఎత్తి వెతికాడు. వెంటనే తెలివి తెచ్చుకుని కంజులోంచి రివాల్వర్ తీశాడు. అప్పటికే దాని మీట పేల్చడానికి వెనక్కి లాగి ఉంది. ఫాకీ కూజాడు కాఫీ ఆ చేతి మీద గుమ్మరించాడు. గుండు మట్టిలోకి పోయింది.

ఫాకీ వాణ్ణి మోకాలి కింద అదిమిపెట్టి వేదిక వైపు చూశాడు. కదలనివాళ్ళు అక్కడ ఇంకో ఐదుగురున్నారు. ప్రెసిడెంటూ, నలుగురు మినిస్టర్లూ. అందరూ లవంగాలు కోసినవాళ్ళ కొడుకులే. ఏడో వరుసలో మచానో తల్లి ఒక్కతే చాపతో తంటాలు పడుతోంది.

"కూర్చోండి! నేను మాట్లాడుతుంటే ఏమిటీ పరుగులు?" అని అరుస్తున్నాడు ప్రెసిడెంట్.

షూటర్ని సిపాయిలకు అప్పగించి ఫాకీ వేదిక ఎక్కాడు. "కామ్రేడ్ మచానో, కేక వినపడలేదా?"

"వినపడకేం? తడిస్తే తడవనీ. పంటంతా మొన్ననే ఒక విదేశీ కంపెనీకి రాసిచ్చేశాం. కొన్నవాళ్ళ ఓడ రేవులోనే ఉంది."

"మరి ఆ షూటర్?"

"ఆ బేరం దక్కని ఇంకో కంపెనీ మనిషి," అంది సువైబా, మైకు పక్కన నిలబడి పౌడరు అద్దుకుంటూ.

ఫాకీ వేదిక దిగి వెళ్ళి అమ్మ చాప రెండో కొస పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ప్రెసిడెంట్ పంట కొన్నవాళ్ళ ఓడ ఎక్కాడు. రేవు, రేడియో, జెండా ఒక్క సంతకంతో వాళ్ళకే ఇచ్చేశాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఓడలోంచి విదేశీ సిపాయిలు మర్యాదగా దిగారు. ఒక్క తుపాకీ పేలలేదు. ఆ వార్తనూ సువైబాయే చదివింది, అదే గొంతుతో.

వారం తర్వాత కంసాలి కొట్టు నుంచి ఫాకీకి ఒక పొట్లం వచ్చింది. మచానో ద్వీపం వదిలి పోతూ పోతూ పురమాయించిన పతకం. 'రిపబ్లిక్ రక్షకుడు' అని చెక్కి ఉంది.

"ఏంట్రా అది?" అంది అమ్మ, చాప మీద లవంగాలు పల్చగా పరుస్తూ.

ఫాకీ చాప దగ్గర వంగి, గాలికి లేస్తున్న మూల మీద దాన్ని పెట్టాడు. మూల లేవలేదు.

"బాగానే ఆగింది. మరి మిగతా మూడు మూలలకో?"

"ఇంకో మూడు రిపబ్లిక్కులు రావాలమ్మా."