ఆపరేషన్ నల్లతెర

"సాయంత్రం రైలు కదిలేలోపు ఆ సందేశం చదవాలి. లేకపోతే మనవాడు మొంబాసా ప్రాణాలతో చేరడు," అని చీఫ్ కెటర్ ఫోన్ పెట్టేశాడు.

మనవాడంటే ముటిసో. మొక్కజొన్న వ్యాపారి వేషంలో విదేశీ ముఠాను వెంటాడుతూ ఇప్పటికే రైలెక్కి కూర్చున్నాడు. అతన్ని చంపే పథకం ముఠా దగ్గర చేజిక్కిన డిస్కులో ఉంది. దాన్ని విప్పేందుకు కొత్తగా లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ల్యాప్‌టాప్ ఏజెంట్ నెకెసా ముందు ఉంది. తెర మాత్రం బొగ్గులా నల్లగా ఉంది.

నైరోబీ కిరిన్యాగా రోడ్డు మీది ఆ గదిలో నెకెసాకు అన్నీ అసహ్యంగానే ఉన్నాయి. కీబోర్డు మీద పొద్దున తిన్న మందాజీ బూరెల నూనె. గాలి నిండా పక్క కుర్చీలో కూర్చున్న జవాదీ పూసుకున్న అత్తరు. అన్నిటికీ మించి, టెక్నీషియన్ ఒధియాంబో నోట ఒకటే పాట.

"తెర మీద బొమ్మ వేసే ప్రోగ్రామ్, గ్రాఫిక్స్ డ్రైవరే మేడం. లినక్స్‌లో తెర నల్లబడితే ఇంకేముంటుంది?"

"ఇప్పటికి మూడు మార్చావు కదయ్యా!"

"ఈ పాత వెర్షన్ బంగారం మేడం."

"మార్చనివ్వు నెకెసా, తొందరేముంది?" అంది జవాదీ గోళ్లు చూసుకుంటూ. మిత్రదేశం పంపిన అందాల ఏజెంట్ ఆమె.

తొందరేముంది! నెకెసా కుర్చీ లాక్కుంది. ఒధియాంబోను పక్కకు నెట్టి, డ్రైవర్ లేకుండా యంత్రాన్ని లేపింది. తెల్లని అక్షరాలు బిలబిలా వచ్చాయి. తెర బాగానే ఉంది. డ్రైవర్‌తో లేపింది. మళ్లీ చీకటి. కానీ ఆ చీకట్లోనే లాగిన్ గంట తీయగా మోగింది.

"యంత్రం నడుస్తోంది. బొమ్మ కూడా ఎక్కడో పడుతోంది. ఎక్కడ?"

ల్యాప్‌టాప్ అంచు వెంట వేళ్లు జరిపింది. బయటి మానిటర్ తీగ గుచ్చే చోట, తీగ లేని చిన్న బిళ్ల తగిలింది.

"ఇదెవరు పెట్టారు?"

"జవాదీ మేడం. యంత్రం వేడెక్కదన్నారు."

"నువ్వు చూడలేదా?"

"నేను డ్రైవర్ చూస్తున్నా కదా మేడం!"

లేని మానిటర్‌ను ఉన్నట్టు నమ్మించే బిళ్ల అది. డ్రైవర్ బొమ్మనంతా దానికే ధారపోస్తోంది. నెకెసా దాన్ని పీకేసింది. తెర భగ్గున వెలిగింది. వెంటనే డిస్కులోని సందేశాన్ని విప్పింది.

'విషం టీలో. అంతవరకు వాళ్లను జవాదీ ఆపుతుంది.'

జవాదీ చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి జారేలోపే నెకెసా పిస్టల్ లేచింది. రెండో చేత్తో ఫోన్.

"ముటిసో! టీ తాగావా?"

"ఊదుకుంటున్నా అక్కా. నాలుక కాలుతుందని."

"పారబొయ్యి! ఇప్పుడే!"

టీ పారబోసిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే రైలు కూత.

బేడీలు పడుతుంటే జవాదీ నవ్వింది. "వీళ్లు డ్రైవర్‌ను తప్ప దేన్నీ అనుమానించరని నాకు తెలుసు."

నెకెసా నూనె వేళ్లు రుమాలుకు తుడుచుకుంది. ఎంత తుడిచినా జిడ్డు వదల్లేదు.

వెనక ఒధియాంబో నసిగాడు. "అయినా మేడం, ఆ పాత వెర్షన్ ఒక్కసారి వేసి చూద్దామా?"