కువైట్ ఫోను, కునికే పిల్ల

పొద్దున్నే తులసి ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని అలాగే కునికిపాట్లు పడుతోంది. అది చూసి వీరాయమ్మకు కోడలి మీద ఒళ్లు మండింది. మూడో తరగతి పిల్లను లేపి బడికి పంపడం చేతకానిది, అదీ ఓ తల్లే. మాధురిని పుట్టింట్లో గారాబంగా పెంచారు తప్ప పనీపాటా నేర్పలేదని వీధిలో అందరికీ ఆవిడ ఏనాడో చెప్పేసింది.

స్కూలుకు వెళ్తూ టీచరు సత్యశ్రీ గుమ్మంలో ఆగింది. తులసి రోజూ క్లాసులో నిద్రపోతోందనీ, నిన్న పరీక్ష కాగితం మీదే తల వాల్చేసిందనీ, ఈ వయసు పిల్లలు పెందలాడే పడుకుని తెల్లారేదాకా కదలకుండా నిద్రపోవాలనీ చెప్పింది. వీరాయమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల, తనకు నిద్రపాఠాలు చెప్పొచ్చింది. పిల్లకు దిష్టి తగిలిందనీ, తాయెత్తు కట్టిస్తాననీ చెప్పి పంపేసింది.

టీచరు వీధి మలుపు తిరగ్గానే, ఎన్నడూ ఎదురు మాట్లాడని మాధురి నోరు విప్పింది.

"దిష్టి కాదండీ అత్తయ్యగారూ. పిల్లను నేను పెందలాడే పడుకోబెడతానండి. మీ అబ్బాయిగారు ఫోను చేసేరని మీరు నిద్దట్లో లేపి కూర్చోబెడతారు. మళ్లీ దానికి కన్నంటుకునేసరికి కోళ్లు కూస్తున్నాయండి."

నాగసతీష్ కువైట్ హోటల్లో వంట చేస్తాడు. అక్కడ డ్యూటీ దిగేసరికి ఇక్కడ అర్ధరాత్రి. కిందటిసారి అతను సెలవు మీద వస్తే, ఎవరో కొత్తవాణ్ని చూసినట్టు తులసి మంచం కిందకు దూరింది. ఆ పూట కొడుకు మొహం చూడలేక వీరాయమ్మ ఏడ్చింది. రాత్రిళ్లు పిల్లను లేపడం అప్పుడే మొదలుపెట్టింది.

"తండ్రిని మరిచిపోతే నీకేం పోయిందిలే. పోయేది నా కొడుక్కి" అని ఈసడించి, మనవరాలిని దగ్గరకు లాక్కుంది. "నువ్వు చెప్పవే, నాన్నంటే నీకిష్టమే కదా?"

తులసి కళ్లు నులుముకుంది. "నాన్న ఫోను చెయ్యకపోతే బాగుండును మామ్మా. నాన్న చేస్తే నువ్వు పడుకోనివ్వవు."

పిల్ల మనసులో కొడుకును నిలబెడుతున్నాననుకుంటూ, వీరాయమ్మ తన చేతులతో తనే వాణ్ని బయటకు గెంటేసింది. ఇంట్లో తెలివితక్కువది ఎవరో ఇప్పటికి అర్థమైంది. కొంగుతో కళ్లొత్తుకుని, అబ్బాయికి ఫోను కలపమని కోడలిని మెల్లగా అడిగింది. ఇక రాత్రిళ్లు వద్దనీ, పొద్దున పిల్ల లేచాక మాట్లాడమనీ వాడికి చెప్పింది.

వారం తిరక్కుండా ఓ పొద్దున, మాధురి జడ వేస్తుంటే తులసి వీడియో ఫోనులో తండ్రికి బడి కబుర్లు గలగలా చెప్పుకుపోతోంది. నాగసతీష్ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అమ్మా, దీని కళ్లు ఇంత పెద్దవా? నాకిన్నాళ్లూ తెలియనేలేదు."

"వాళ్లమ్మ కళ్లురా" అంది వీరాయమ్మ.