తేనెబండ భావకంచె

ఆ రోజుల్లో విశాఖపట్నంలో చెట్టు నీడన కూర్చోవాలంటే టికెట్టు తీసుకోవాలి. అరగంట కాగానే గంట మోగుతుంది, లేచి వెనకాలవాళ్ళకు చోటివ్వాలి. 2094 నాటికి జనం దీనికి ఎంత అలవాటుపడ్డారంటే, తేనెబండ కొండలోకి ఎవరైనా ఊరికే వెళ్ళొచ్చట, ఎంతసేపైనా ఉండొచ్చట అంటే ఒక్కరూ నమ్మలేదు. ఇందులో ఏదో మెలిక ఉంది అన్నారు.

మెలిక ఉన్నమాట నిజమే. దాన్ని తయారుచేసింది డాక్టర్ నాగావళి.

ఆ కొండా, దాని చుట్టూ ఉన్న నాలుగు వేల ఎకరాల అడవీ కోరాడ సన్యాసినాయుడుగారివి. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే కర్మాగారాలతో గడించినదంతా పోసి, ముప్ఫై ఏళ్ళపాటు ముక్క ముక్కగా కొని, ప్రజల పేర రాసిచ్చేశారు. ఇవ్వడం ఒక ఎత్తు, ఇచ్చింది మిగలడం ఇంకో ఎత్తు. మన సంగతి తెలిసిందేగా! జాగా ఖాళీగా కనబడితే చాలు, ముందో టీబడ్డీ వెలుస్తుంది, దాని వెనక రేకుల షెడ్డు, ఆ వెనక రిసార్టు.

"ముళ్ళకంచేస్తే కోసేస్తారు, గోడ కడితే దూకేస్తారు. బుద్ధిని ఆపే కంచె కట్టగలవేటమ్మా?" అని నాయుడుగారు అడిగారు. నాగావళికి తొమ్మిదేళ్ళు పట్టింది.

భావకంచెకు తీగ లేదు, గోడ లేదు. సరిహద్దు పొడుగునా మోకాలెత్తు రాతిస్తంభాలు, వాటిలో న్యూరో సెన్సర్లు, అంతే. దేన్నైనా చూసి 'ఇది నాది' అనుకోగానే మనిషి మెదడులో ఒక సన్నటి అల లేస్తుంది. నాగావళి దానికి స్వామ్యతరంగం అని పేరు పెట్టింది. మన చెప్పులమీదా చేతిసంచీమీదా ఉండే మమకారం కంచెకు పట్టదు. ఎదుట ఉన్న కొండను చూసి ఆ అల లేచిందా, మోకాళ్ళు మెత్తబడిపోయి అడుగు ముందుకు పడదు. నొప్పీ గిప్పీ ఉండవు, వెనక్కి తిరిగితే కాళ్ళు మామూలే.

ప్రారంభోత్సవం నాటికి నాయుడుగారికి డెబ్బై ఎనిమిది. మతిమరుపు జబ్బు మొదలైంది, ఏడాదిలో సొంత ఊరు కూడా గుర్తుండకపోవచ్చని డాక్టర్లు చెప్పేశారు. ఆయనకు మిగిలింది ఒకే కోరిక. హెలికాప్టర్లోంచి చూడ్డమే తప్ప, కొండమీది ఊటదాకా నడిచిన పాపాన పోలేదు. తెలివిలో ఉండగా ఒక్కసారి నడవాలి.

రిబ్బను కత్తిరించారు. మంత్రిగారు నేరుగా లోపలికి వెళ్ళిపోయారు. ఆయన ధ్యాసంతా ఫొటోలమీదే కదా, కొండను చూస్తేగా! వెనకే అడుగేసిన నాయుడుగారు మాత్రం స్తంభాల దగ్గరే ఆగిపోయారు.

"ఏటమ్మా ఇది?" అన్నారు నవ్వుతూనే. "నా కొండలోకి నన్నే రానివ్వదేటి?"

దానమిచ్చిన ట్యూబులైటుమీద వెలుతురు కూడా రానంత పెద్ద అక్షరాలతో పేరు రాయించుకునే దేశం మనది. ఈయన ఒక్క రాయిమీద కూడా తన పేరు పడనివ్వలేదు. పేరంతా లోపలే చెక్కుకున్నారని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఆ తర్వాత ప్రతి సోమవారం వచ్చేవారు. కళ్ళు మూసుకుని నడిచారు. వెనక్కి తిరిగి నడిచారు. 'నాది కాదు, నాది కాదు' అని జపం చేస్తూ నడిచారు. అంతలా వద్దనుకోవాల్సి వచ్చిందంటేనే ఎంత నాదనుకున్నారో చూడండి. కంచె ఒప్పుకోలేదు. ఆయన దిగాలుగా కారెక్కేవారు.

ఒక సోమవారం నాగావళి ఇక ఉండబట్టలేక చెప్పేసింది. "నాయుడుగారూ, కంచెకు మినహాయింపు జాబితా ఒకటి పెట్టొచ్చండి. మీ పేరు ఎక్కించేస్తాను. రెండు నిమిషాల పని."

ఆయన మొహం వెలిగిపోయింది. "అవునేటి! మరిన్నాళ్ళూ సెప్పవేటమ్మా?" అని లేచి నిలబడి, మళ్ళీ ఏదో తట్టినట్టు ఆగారు. "ఆ జాబితాలో ఎన్ని పేర్లు పడతాయి?"

"ఎన్నైనా పడతాయండి."

"అయితే వద్దులే." నెమ్మదిగా కూర్చున్నారు. "ఇయాల నా పేరు. రేపు నా కొడుకులు. ఎల్లుండి మంత్రిగారి బావమరిది. ఆపైన కంచెందుకూ, కొండెందుకూ?"

"మరి మీ ఊటండీ?"

"నీళ్ళే కదమ్మా" అన్నారు గానీ, కారెక్కేదాకా కొండవైపే చూశారు.

తర్వాత రెండు నెలలు ఆయన రాలేదు. సీతాఫలాల రోజుల్లో ఒక పొద్దున కోడలు తీసుకొచ్చింది. మనిషి సగమైపోయారు. నాగావళిని చూసి, కొత్తవాళ్ళని చూసినట్టు నమస్కారం పెట్టారు.

"ఈ కొండ ఎవరిదమ్మా?"

నాగావళి ఎదురు నమస్కారం పెట్టింది. "అందరిదీనండి."

"నిజవేనా? టికెట్టు లేదేటి?"

"లేదండి."

"ఎవరిచ్చేరో గానీ మారాజు, సల్లగుండాలి" అంటూ నాయుడుగారు స్తంభాల మధ్యనుంచి చక్కా లోపలికి నడిచి వెళ్ళిపోయారు.

కోడలు కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చేసింది. నాగావళి కళ్ళు కూడా నిండిపోయాయి. ఆయన ఊట చూడబోతున్నారు. తొమ్మిదేళ్ళు తను చెమటోడ్చి కట్టిన కంచె, తను కాపాడిన కొండ, ఇవాళ ఆయన్ని రమ్మంది. పక్కనే ఉండి చూడాలనిపించి గబగబా వెనకే వెళ్ళింది.

మోకాళ్ళు మెత్తబడిపోయాయి.

సెన్సరు చెడిందేమోనని చూసుకుంది. చెడలేదు. మొదలుపెట్టిన నాటినుంచీ సరిహద్దు దగ్గరి గదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టడమే గానీ, తనెప్పుడూ దాటి చూడలేదని అప్పుడు తట్టింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సీతాఫలాలకొచ్చిన ఒకామె బుట్ట నెత్తికెత్తుకుని అటుగా పోతూ ముసలాయన్ని చూసి, "ఊటకేటి తాతా? నానూ అటే, రా" అని చెయ్యి పట్టుకుంది. కోడలు కళ్ళు తుడుచుకుని వాళ్ళని అందుకుంది. ఆమెనూ కంచె ఆపలేదు.

నాలుగడుగులు వేసి నాయుడుగారు వెనక్కి తిరిగారు.

"నువ్వు రావేటమ్మా?"

"మీరు వెళ్ళండి బాబుగారూ" అంది నాగావళి. "నాకింకా టైం పడుతుంది."