వయా ఉయ్యూరు

2003 నవంబరు, మంగళవారం మధ్యాహ్నం. విజయవాడ బస్టాండులో ఏజెంట్ నాసిర్ సెల్ మోగింది.

"మావిడికాయ," అంది ఫోను.

"ఉప్పూ కారం," అన్నాడు నాసిర్. కోడ్ కుదిరింది.

చీఫ్ దుర్గాశంకర్ లైన్లోకొచ్చాడు. సెక్యూరిటీ కోసం ఆయన నాలుగు ముక్కలకి మించి మాట్లాడడు. పెళ్ళాంతో కూడా అంతేనంటారు.

"బోర్డు ఆర్డరు నాలుగింటికి వెళ్తుంది. విదేశీ ముఠా లేఅవుట్‌లో తప్పు పెట్టింది. వయా దగ్గర చూడు. ఆ తప్పు పోకపోతే బందరు పడవలకి తుఫాను కబురు అందదు."

పెట్టేశాడు.

నాసిర్ వాళ్ళ బావ పీరు ఉండేది ఆ పడవల్లోనే. తుఫానని ఎవరైనా చెబితే తప్ప ఒడ్డుకి రాని మనిషి.

నాసిర్ కృష్ణా జిల్లా వాడు. లేఅవుట్ అంటే ప్లాట్లు. బోర్డు అంటే వెంచరు ముందు పాతేది. బందరు రోడ్డులో వయా అంటే ఉయ్యూరు. ప్లాట్లకీ తుఫానుకీ ఏం సంబంధమో తెలీలేదు గానీ, ఈ డిపార్ట్‌మెంటులో అర్థం కావడం ప్రమోషన్ తర్వాతే మొదలవుతుంది.

బాత్రూంలోకి వెళ్ళి రియల్ ఎస్టేట్ ఏజెంటుగా బయటికొచ్చాడు. తెల్ల చొక్కా, నవరత్నాల ఉంగరం. బస్సెక్కేలోగా ఇద్దరు ప్లాట్ల రేటు అడిగారు. ఒకాయన బేరం కూడా మొదలుపెట్టాడు.

పక్క సీట్లో నల్లకళ్ళద్దాల రాజ్యశ్రీ కూర్చుంది. రెండు దేశాల్లో జీతం, రెండిట్లోనూ పీఎఫ్. డబుల్ ఏజెంటని అందరికీ తెలుసు. రుజువే లేదు.

"ఎక్కడికండీ?"

"ఉయ్యూరు. లేఅవుట్ చెక్ చెయ్యాలి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి అతన్ని కాసేపు చూసింది. "తీరిగ్గా చెక్ చేసుకోండి," అని టికెట్ కూడా తనే తీసింది.

ఉయ్యూరు ముందు బస్సు ఆగిపోయింది. షుగర్ ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టర్లు ఆకాశం అంచుదాకా ఉన్నాయి. చీఫ్ ఫోను.

"ఎక్కడున్నావ్?"

"వయాలోనే సర్. చెరుకు వెనకాల."

చీఫ్ ఊపిరి వినపడలేదు. రిటైరయ్యాడేమో అనుకున్నాడు నాసిర్.

"నాయనా. లేఅవుట్ అంటే తుఫాను రేడియోలో సర్క్యూట్ బోర్డు బొమ్మ. వయా అంటే ఆ బోర్డులో బెజ్జం. పైన రాగి గీతని కింద గీతకి కలుపుతుంది. అది లేకపోతే రేడియో మూగది. మళ్ళీ బోర్డులు రావాలంటే నెల. తుఫాను నెల ఆగదు. నేను ఢిల్లీ విమానం ఎక్కేశాను, సెల్ కట్టేయమంటున్నారు."

కట్టేశాడు. నాసిర్ ఆఫీసుకి చేశాడు. ఎంగేజ్. ఉన్న ఒక్క లైన్లో ఇంటర్నెట్ నడుస్తోంది. మళ్ళీ చేశాడు. ఎంగేజ్. దిగి పరిగెత్తబోయాడు. ముందు చెరుకు, వెనక చెరుకు, పక్కన కాలవ. ఒకప్పుడు హెలికాప్టర్లోంచి దూకిన నాసిర్ వచ్చి తన సీట్లో తను కూర్చున్నాడు.

నాలుగైంది. నాలుగు దాటింది.

"ఇంక చెప్పొచ్చులెండి," అంది రాజ్యశ్రీ, ట్రాక్టర్లోంచి లాగిన చెరుగ్గడ నములుతూ. "రిసీవర్ చిప్ కింద, దాని కాలుని గ్రౌండ్ గీతకి కలిపే గ్రౌండ్ వయా తీసేశాను. కంప్యూటర్ పట్టుకోకుండా, అది పోల్చి చూసే అసలు సర్క్యూట్ బొమ్మలోనూ ఆ కలుపు చెరిపేశాను. చెకింగ్‌లో తప్పులు సున్నా అనే వస్తుంది. చెరుకు తింటారా?"

బావ ముఖం కళ్ళముందు కదిలింది. ఓడిపోయానని చెప్పడానికే ఆఫీసుకి మళ్ళీ చేశాడు. ఈసారి మోగింది. కంప్యూటర్ చూసే సాలేహా ఎత్తింది.

"నెట్ ఇప్పుడే కట్టయింది నాసిర్ భాయ్. ఏంటి?"

"ఆర్డరు వెళ్ళిపోయిందా?"

"ఎక్కడ. డిజైనర్ కోటిలింగంగారు సెండ్ నొక్కనివ్వట్లేదు. మంగళవారం నాలుగున్నర దాకా రాహుకాలమంట. మౌస్ జేబులో పెట్టుకుని కూర్చున్నారు."

రాజ్యశ్రీ నమలడం ఆపింది.

"సాలేహా, రిసీవర్ చిప్ కింద గ్రౌండ్ వయా ఉందా చూడు."

"లింగంగారూ, చూడ్డానిక్కూడా రాహుకాలం అడ్డమా?"

"చూడ్డానికి, దిద్దడానికి పర్లేదమ్మా," దూరం నుంచి ఒక గొంతు. "పంపడానికే."

మౌస్ చప్పుడు.

"లేదు భాయ్. చిప్ కాలు గాల్లో వేలాడుతోంది. పెట్టేస్తున్నా... పెట్టేశా."

రాహుకాలం వెళ్ళిపోయిన మరుక్షణం ఆర్డరు వెళ్ళింది.

"మా వాళ్ళు శాటిలైట్ మ్యాపులు ఇచ్చారు," అంది రాజ్యశ్రీ నీరసంగా. "పంచాంగం ఇవ్వలేదు."

"మిమ్మల్ని అరెస్టు చేస్తున్నానండీ."

"పారిపోతే?"

నాసిర్ ముందుకి చూశాడు, వెనక్కి చూశాడు, సీటుకి చేరగిలబడ్డాడు.

"బస్సు కదిలితే లేపండి. అప్పుడు వెంటపడతాను."