తలల లెక్క

ఆపిల్ పండును కోయడానికి ఒక పద్ధతి ఉంది. కిందకి లాగకూడదు. అరచేతిని పండు కిందకి పోనిచ్చి, మెల్లగా పైకెత్తి, కొంచెం తిప్పాలి. పక్వానికి వచ్చిన పండైతే తొడిమతో సహా దానంతటదే చేతిలోకి వస్తుంది. లాగితే మాత్రం వచ్చే ఏడాది కాయాల్సిన మొగ్గ కూడా ఊడిపోతుంది.

ముప్ఫై నాలుగేళ్ళు మా ఊరి బడిలో పిల్లలకి ఈ మాట చెప్పాను. మొదట్లో తోటకి తీసుకెళ్ళి చెప్పేదాన్ని. తర్వాత తరగతి గదిలోనే, బల్లమీద పండు పెట్టి చెప్పాను. ఎందుకలా మారిందో చెప్తాను. ముందు అది తెలిస్తేగాని తర్వాతది అర్థం కాదు.

మాది వెర్మాంట్ రాష్ట్రం, షాంప్లేన్ సరస్సు పక్క ఊరు. అక్టోబరు వచ్చిందంటే బడి పిల్లలందరూ ఆస్‌గుడ్ వాళ్ళ తోటకి వెళ్తారు. ట్రాక్టరుకి తగిలించిన బండిలో గడ్డిమోపుల మీద కూర్చుని కొండెక్కుతారు, ఎవరి సంచి వాళ్ళు నింపుకుంటారు, దిగొచ్చి కొట్టం దగ్గర వేడి ఆపిల్ రసం తాగుతారు, డోనట్లు తింటారు. బండి వెనక తలుపుకి ఒక చిన్న నల్లబల్ల ఉంటుంది. కొండెక్కేటప్పుడు టీచరు తలలు లెక్కపెట్టి అంకె చెప్తే, బండివాడు దాన్ని సుద్దతో రాస్తాడు. తిరుగుప్రయాణంలో మళ్ళీ లెక్క. అంకె కలిస్తేనే బండి కదులుతుంది.

నలభై ఐదేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం నేను పద్నాలుగు మందిని తీసుకెళ్ళాను. సరస్సు మీంచి పొగమంచు వచ్చింది, సన్నగా చినుకులు మొదలయ్యాయి. తోటవాళ్ళు బండిలో ఉంచే పసుపు రెయిన్‌కోట్లు అందరికీ తొడిగాం. తిరుగుప్రయాణంలో లెక్కపెట్టాను. పద్నాలుగు. బల్లమీద కూడా పద్నాలుగే. బండి కదిలింది.

కొట్టం దగ్గర దిగినవాళ్ళు పదముగ్గురు.

కొరాలీ బెన్వా దిగలేదు. ఏడేళ్ళ పిల్ల, ముందుపళ్ళు రెండూ ఊడిపోయి ఉండేవి. షెరీఫ్ పోలీసులు కుక్కలతో తొమ్మిది రోజులు వెతికారు. దొరకలేదు. లెక్క తప్పుపెట్టావని నన్ను అందరూ అన్నారు. నేను తప్పు పెట్టలేదు. పద్నాలుగు పసుపు టోపీలు నా కళ్ళతో చూశాను. ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి మరీ లెక్కపెట్టాను.

అందుకే ఆ రోజునుంచి నేను తలలు లెక్కపెట్టడం మానేశాను. పేర్లు పిలుస్తాను.

కిందటేడు నా మనవరాలు ఓడిల్ తరగతికి తోట ప్రయాణం పడింది. ఓడిల్‌కి ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, "పోనీ మాన్పించనా అమ్మా?" అంది.

"ఎందుకు మాన్పించాలి?" అన్నాను. "ఆ కొండకి భయపడి పిల్లకి ఆపిల్ పండు లేకుండా చేస్తామా? నేను కూడా వెళ్తాను."

నేను మళ్ళీ ఆ బండెక్కడం ఆ రోజే. పదకొండు మంది పిల్లలు, జోసెట్ అని పాతికేళ్ళ టీచరు, నేను. బండివాడు వెండెల్ ఆస్‌గుడ్, యాభై దాటినవాడు. ఆనాడు బండి తోలింది వాళ్ళ నాన్నే. వెండెల్ కూడా నా దగ్గర చదివినవాడే.

"తిబో టీచర్! మీరు ఈ కొండెక్కుతారని అనుకోలేదు," అన్నాడు టోపీ తీసి.

"నువ్వు గుణకారాలు నేర్చుకుంటావని నేనూ అనుకోలేదురా. రాయి, పదకొండు."

పిల్లలు నవ్వారు. సుద్ద కీచుమంది.

పైన తోట ఎప్పటిలాగే ఉంది. తడిగడ్డి వాసన, రాలిన పళ్ళు పులిసిన వాసన, వాటి మీద మత్తుగా తిరిగే కందిరీగలు. పండెలా కోయాలో చూపించాను. బార్నబీ అనే గడుగ్గాయి నేను వద్దంటుండగానే ఒకదాన్ని లాగి, కొమ్మ విదిలించిన నీళ్ళు మొహాన పడితే నన్నే తిట్టాడు. హాయిగానే గడిచింది.

నాలుగింటికి సరస్సు వైపు కొండ కనిపించకుండా పోయింది. తర్వాత కింది వరస చెట్లు. తర్వాత మా వరస. చినుకులు మొదలయ్యాయి. పిల్లలు పరిగెత్తుకొచ్చి పెట్టెలోంచి పసుపు కోట్లు లాక్కుని, టోపీలు మొహం మీదకి దించుకుని బండెక్కేశారు.

జోసెట్ టీచర్ వేలెత్తి లెక్కపెట్టింది. "...తొమ్మిది, పది, పదకొండు. సరిపోయింది వెండెల్, పద!"

ఇంజిను గుర్రుమంది.

"ఆపు," అన్నాను.

"లెక్క కలిసింది కదా మేడమ్," అంది జోసెట్. "పిల్లలు తడుస్తున్నారు."

"తడవనీ. నేను పేర్లు పిలవాలి."

"హాజరు పట్టీ ఇంకా వదల్లేదా టీచర్!" అన్నాడు వెండెల్.

"వెండెల్ ఆస్‌గుడ్. ఇంజిను ఆపి తాళంచెవి ఇటివ్వు."

నలభై ఏళ్ళ క్రితం ఉండేలు ఎలా అప్పగించాడో అలాగే, తల దించుకుని, చేతిలో పెట్టాడు. దాన్ని జేబులో వేసుకుని, పొద్దున రాసుకున్న పేర్ల పట్టీ తీశాను. పేరు పిలవగానే టోపీ వెనక్కి తీసి జవాబు చెప్పమన్నాను.

"బార్నబీ."

"నేను లేను టీచర్!"

నవ్వులు. ఒక్కో పేరూ, ఒక్కో తడిజుట్టూ, ఒక్కో "ఉన్నాను టీచర్". పది పేర్లయ్యాయి.

"ఓడిల్."

జవాబు రాలేదు.

బండి చివర, మూలన, ఒక్క టోపీ మిగిలింది. అది ఇంకా తియ్యలేదు.

"ఓడిల్?"

టోపీ మెల్లగా కిందకీ పైకీ ఊగింది. ఔనన్నట్టు...

అప్పుడే పొగమంచులోంచి, చాలా దూరంనుంచి, పలచగా ఒక గొంతు వచ్చింది. "మెమే..."

మా ఇళ్ళలో అమ్మమ్మని మెమే అంటాం. ఆ కొండమీద నన్ను అలా పిలిచేది ఒక్కతే.

పిల్లలు కూడా విన్నారు. ఎవరూ నవ్వలేదు. మూలనున్నదాని పక్కన కూర్చున్న పిల్ల జరిగి జరిగి ఇవతలికి వచ్చేసింది. కోటు చేతుల్లోంచి వేళ్ళు కనిపించాయి. సన్నగా... మట్టి పట్టి... గోళ్ళు నల్లగా. మూసేసిన నేలమాళిగ తలుపు తీసినప్పుడు వచ్చే వాసన వచ్చింది.

నాకు భయంకంటే ముందు కోపం వచ్చింది. నలభై ఐదేళ్ళు అణచుకున్న కోపం.

"నీ పేరు నా పట్టీలో లేదు," అన్నాను. "నా మనవరాలి చోటులో కూర్చున్నావు. దాన్ని తెచ్చుకునేదాకా ఈ బండి కదలదు. తాళంచెవి నా దగ్గరుంది."

అది కదల్లేదు.

"మేడమ్... ఎవరది?" అంది జోసెట్ గుసగుసగా.

"తెలీదమ్మా. పిల్లలందర్నీ చేతులు పట్టుకోమను. వరసగా ఎవరి పేరు వాళ్ళు గట్టిగా చెప్తూ ఉండాలి. అయిపోతే మళ్ళీ మొదటినుంచి. నేను వచ్చేదాకా ఆపకూడదు. ఆ గొంతులు పట్టుకునే నేను వెనక్కి రావాలి."

దిగాను. పది అడుగులకే బండి కనిపించకుండా పోయింది. వెనకనుంచి బార్నబీ గొంతు, తర్వాత ఇంకొకటి, ఇంకొకటి... పది పేర్లు. పదో పేరు తర్వాత ఒక చిన్న ఖాళీ. ఇంకెవరో చెప్పబోయి ఆగినట్టు. మళ్ళీ బార్నబీ.

చెట్లు ఒక్కొక్కటే మొహం మీదకి వచ్చాయి. కాలికింద రాలిన పళ్ళు చితికాయి. ఆ వరస చివర అందరికంటే పెద్ద చెట్టు. దాని కింద ఓడిల్, తడిగడ్డిలో కూర్చుని ఉంది. కోటు లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు చేతులతో ఒక గుడ్డసంచి పట్టుకుంది.

"లే తల్లీ. పోదాం."

"నేను రాకూడదు మెమే." పళ్ళు కొట్టుకుంటున్నాయి. "ఆ అమ్మాయి నా కోటు తను వేసుకుంటానని వెళ్ళింది. సంచి పట్టుకుని ఇక్కడే ఉండమంది. ఇవాళ తన వంతట. ఇంకెప్పుడో ఇంకెవరో వస్తారట, అప్పుడు నా వంతట."

"వదిలెయ్ దాన్ని."

"వదలడం లేదు..."

వేళ్ళు గుడ్డలోకి బిగుసుకుపోయి ఉన్నాయి. లాగబోయాను. లాగలేదు. అరచేతిని దాని పిడికిలి కిందకి పోనిచ్చి, మెల్లగా పైకెత్తి, కొంచెం తిప్పాను. ఒక్కో వేలూ వదిలింది. సంచి నా చేతిలోకి వచ్చింది.

పిండిసంచి గుడ్డ. ఎర్రదారంతో పేరు కుట్టి ఉంది. ఆ కుట్టు నాదే. ఆ ఏడాది పద్నాలుగు సంచులు నేనే కుట్టాను.

కొరాలీ.

పొగమంచులోంచి పది పేర్లు, ఆ ఖాళీ, మళ్ళీ పది పేర్లు. ఆ ఖాళీ ఎవరిదో నాకు తెలిసింది. ఆనాడు నేను వేలితో తాకిన పద్నాలుగో టోపీ కింద కొరాలీ లేదు. ఇంకెవరో, తన వంతు వచ్చిన పిల్ల ఉంది. కొరాలీ ఈ చెట్టు కింద సంచి పట్టుకుని కూర్చుంది. నేను పేరు పిలవలేదు. పిలిచి ఉంటే ఓడిల్ పలికినట్టే పలికేది.

ఓడిల్‌ని చంకనెత్తుకున్నాను. డెబ్బై రెండేళ్ళ నడుము ఎలా ఒప్పుకుందో దానికే తెలియాలి. గొంతులు పట్టుకుని నడిచాను. బండి చేరి, పిల్లని జోసెట్ ఒళ్ళో పెట్టి, మూలన ఉన్నదాని ఎదురుగా నిలబడ్డాను.

"నీ పేరు నా పట్టీలో లేదన్నాను," అన్నాను. "తప్పు నాది. ఉంది. నేనే పిలవలేదు." పట్టీ పైకెత్తాను. "కొరాలీ బెన్వా."

టోపీ పైకి లేచింది. లోపల చీకటి. ఆ చీకట్లోంచి, ముందుపళ్ళు లేని నోరు పలికినట్టు, గాలి కలిసిన చిన్న గొంతు.

"ఉన్నాను టీచర్."

జోసెట్ నోరు నొక్కుకుంది. నేను సుద్దముక్క తీసుకుని పదకొండు తుడిచి పన్నెండు వేశాను. ముక్కని కోటు జేబులో వేసుకున్నాను. తర్వాత, ఎవరు వింటున్నారో తెలియదుగాని, తోటవైపు తిరిగి బడిగంట గొంతుతో అరిచాను.

"ఒకర్ని దింపి ఒకరు ఎక్కే పద్ధతి నా దగ్గర కుదరదు! ఇక్కడ ఎవరి వంతూ లేదు. బండిలో చోటుంది. మిగిలినవాళ్ళెవరైనా ఉంటే ఎక్కండి!"

పొగమంచు అలాగే ఉంది. తాళంచెవి వెండెల్‌కి ఇచ్చాను.

"పన్నెండు," అన్నాను. "పోనియ్."

దారంతా నేను కొరాలీ పక్కనే కూర్చున్నాను. వాన కురుస్తున్నా ఆ కోటు మీద చుక్క జారడం చూడలేదు. కొట్టం దీపాలు కనిపించినప్పుడు పక్కన బరువు తేలికైంది. పిల్లలు దిగారు. పదకొండు మంది. మూలన గడ్డిమీద మడత పడిన కోటు ఒక్కటే. నా చేతిలో సంచి లేదు.

ఆ రాత్రి ఓడిల్ నా దగ్గరే పడుకుంది. నేను చాలా ఏళ్ళ తర్వాత కలలు లేకుండా నిద్రపోయాను.

పొద్దున ఓడిల్ వంటింట్లో ఓట్స్ జావ తాగుతుండగా ఫోను మోగింది. వెండెల్.

"టీచర్, ఆ బల్లమీద... మీరు పన్నెండే కదా వేశారు?"

"పన్నెండే."

"రాత్రి నేనే తుడిచాను. పొద్దున చూస్తే పదమూడు ఉంది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ ఉంది. చిన్నపిల్లల రాతలా ఉంది టీచర్..."

గోడకి తగిలించిన నా కోటు వైపు చూశాను. ఫోను చెవికి ఆనించుకునే వెళ్ళి జేబులో చెయ్యి పెట్టాను. సుద్దముక్క లేదు.

"ఇక తుడవకు," అన్నాను. "మీ తాతగారి నాటి తోట లెక్కల పుస్తకాలుంటే వెతుకు. కొరాలీకి ముందు ఆ కొండమీద తప్పిపోయినవాళ్ళ పేర్లు కావాలి. ఎంత పాతవైనా సరే. నేను వస్తున్నాను."

ఫోను పెట్టి వెనక్కి తిరిగాను. ఓడిల్ జావ సగంలో వదిలి, ఎదుటి కుర్చీ వైపు చూస్తోంది. కుర్చీ కాస్త వెనక్కి జరిగి ఉంది. కింద నేలంతా తడిగడ్డి పరకలు.

"మెమే," అంది మెల్లగా. "తన పేరు టీచరెప్పుడు పిలుస్తారని ఈ అమ్మాయి అడుగుతోంది."