తూము మలుపులో పిలిచిన గొంతు

పాల్వంచ దాటి బూర్గంపాడు వచ్చేటప్పుడు అడవిల ఒక మలుపు ఉంటది. రోడ్డు కింద పాత తూము. మేం దాన్ని తూము మలుపనే అంటం. పొద్దుగూకినంక అక్కడ ఎవ్వరూ బండి ఆపరు. ఆటో చెడిపోయినా సరే, మలుపు దాటేదాక తోసుకుంట పోతరు గని ఆగరు.

ఎందుకంటే... అక్కడ పిలుస్తరంట.

ఎవరు పిలుస్తరని అడగొద్దు. ఒకరికి ముసలామె గొంతు వినబడ్డదంటరు, ఇంకొకరికి చచ్చిపోయిన సొంత అన్న గొంతే వినబడ్డదంటరు. ఆగినోడు మంచంబట్టిండని కొందరు, అసలు ఇల్లే చేరలేదని కొందరు. నేనైతే ఏదీ కండ్ల చూడలే. కాని సంపూర్ణక్కకు జరిగింది మాత్రం ఆమె నోటనే విన్న. రెండు వేల ఎనిమిది నాటి సంగతి.

సంపూర్ణక్క మా బూర్గంపాడుల అంగన్‌వాడీ టీచరు. ఆమె భర్త ఎబినేజరన్న ఎలక్ట్రీషియన్. పెండ్లయి పదేండ్లయినా ఇద్దరే కలిసి ఎటూ పోయింది లేదు. ఆ డిసెంబర్‌ల ఖమ్మంల నాటక పోటీలు పెట్టిన్రు. "ఒక్క రోజన్న నన్ను తిప్పయ్యా" అని అక్క పట్టుబట్టింది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర దించి, తెల్లారకముందే బండి మీద బయలుదేరిన్రు.

ఖమ్మం సంగతి మీకు తెలుసు గదా. ఏ సందుల జూసినా ఒక పాట, ఒక డప్పు, గోడ మీద ఒక బొమ్మ. పొద్దున ఖిల్లా ఎక్కిన్రు. పైన గాలికి కొంగు ఎగురుతుంటే అక్క చిన్నపిల్ల లెక్క నవ్వుకుంట నిలబడ్డదంట. ఆ తర్వాత ఒక స్కూలు హాల్ల బొమ్మల ప్రదర్శన. అక్కడ ఒక ముసలి చిత్రకారుడు ఆమెను కుర్చీల కూసోబెట్టి, బొగ్గుముక్కతోని మొఖం గీసిచ్చిండు.

ఎబినేజరన్న మాత్రం ఏ బొమ్మా సరిగ్గ చూడలే. మాటిమాటికి కిటికీ కాడికి పోవుడు, ఎండ ఎటు వాలిందో చూసుడు.

"ఏందయ్యా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?"

"చీకటి కాకముందే ఆ మలుపు దాటాలె, సంపూర్ణా."

"ఆదివారం తప్పకుండ చర్చికి పోతవ్. నీకు గూడ దెయ్యాల భయమేనా?"

ఆయన మళ్ల కిటికీ కాడికి పోయిండు.

బిర్యానీ తిన్నంక ఇగ పోదామన్నడు. "ఒక్క నాటకం చూసి పోదాం" అన్నది అక్క. తెర లేచినంక ఆమె లేస్తదా? ఒకటి గాస్తా రెండయినయ్. రెండో దాంట్ల తల్లి కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటే హాలు హాలంత కండ్లు తుడుచుకుంటున్నది. ఈయన ఒక్కడే తాళంచెయ్యి చేతుల పట్టుకొని, కుర్చీ అంచున కూసోనున్నడు.

కొత్తగూడెం చేరేసరికే లైట్లు పడ్డయ్. పాల్వంచ దాటేసరికి రోడ్డుకు రెండు పక్కలా అడవి నల్లగ గోడ లెక్క నిలబడ్డది.

"ఏం వినబడ్డా పలక్కు..." అన్నడు ఆయన మెల్లగ.

అక్క నవ్వబోయింది. నవ్వు రాలే.

మలుపు వచ్చింది. తూము మీదికి బండి ఎక్కింది...

"బాపూ..."

చిన్నపిల్ల గొంతు. సన్నగ. పక్కన, కింద పొదల్లకెల్లి.

"బాపూ... ఓ బాపూ..."

ఎబినేజరన్న స్పీడు పెంచిండు. అక్క చేతులు ఆయన నడుం చుట్టూ బిగుసుకున్నయ్. మళ్ల అదే గొంతు. ఈసారి కిలకిల నవ్వింది —

ఆ అడవిల, ఆ చీకట్ల, పసిపిల్ల నవ్వు!

"ఆపు" అన్నది అక్క.

"మాట్లాడకు..."

"ఆపయ్యా. అది పిల్ల."

"పిల్ల గాదే! ఇక్కడ పిల్లెందుకుంటది?"

"ఉంటే? నిజంగ ఉంటే? ఇది విని గూడ పోతే, రేపు బడిల పిల్లల మొఖం ఎట్ల చూడాలె నేను?"

దుంకుతనని పక్కకు వొరిగింది. ఆయన బ్రేకు కొట్టిండు.

ఇంజను ఆగింది. గొంతు గూడ ఆగింది.

కీచురాళ్లు గూడ అరుస్తలేవు. ఆయన గుండె కొట్టుకునుడు తనకు వినబడ్డదంటది అక్క. అంత నిశ్శబ్దం. దిగింది. ఆమె ఒక్కతే పోతుంటే చూడలేక, "యేసయ్యా... యేసయ్యా" అని గొణుక్కుంట ఆయన గూడ వెనకాలే దిగిండు.

"బాపూ..."

పొదల్ల ఒక నీలం వెలుతురు. వెలుగుతున్నది... ఆరుతున్నది... వెలుగుతున్నది. ఎబినేజరన్న ఆమె మోచెయ్యి గట్టిగ పట్టుకున్నడు. అక్క వంగి కొమ్మ పక్కకు జరిపింది.

ఫోను!

ఆ రోజుల్ల అడవంత వినబడే సౌండుతోని చైనా ఫోన్లు వచ్చినయ్ గదా, అది. ఇంట్ల పిల్లల మాటలు రికార్డు చేసి రింగుటోను పెట్టుకునేటోళ్లు. ఆ ఫోను పక్కన ఒక చెయ్యి. చెయ్యి వెనక, బోల్తాపడ్డ బండి కింద నలిగిన ఒక మనిషి. నెత్తి పగిలి రక్తం గడ్డకట్టింది. ముక్కు కాడ వేలు పెడితే ఊపిరి తగిలింది.

"మనిషే... మనిషేనే, సంపూర్ణా!" అని ఎబినేజరన్న ఏడ్చినంత పని చేసిండు.

అక్క ఫోను అందుకొని పచ్చ బటను నొక్కింది. "హలో! ఎవరమ్మా? ఈయనకు దెబ్బలు తాకినయ్... హలో!"

అవతల ఎవరూ మాట్లాడలే. గాలి చప్పుడు ఒక్కటే. అదీ ఆగిపోయింది.

108కు కొట్టిన్రు. కాల్ పోలే. ఎబినేజరన్న ఫోనుల గూడ అంతే. దూరంగ లారీ లైట్లు చూసి అక్క రోడ్డు మీదికి ఉరికింది. జుట్టు విడిపోయింది, చీర మీద నెత్తురు. చేతులు ఊపింది. లారీ ఆగలే. డ్రైవరు కెవ్వుమని అరిచి ఇంకా జోరుగ పోయిండు. వెనక వచ్చినోడూ అంతే. ఆ రాత్రి తూము మలుపుల దెయ్యాన్ని చూసినమని ఆ ఇద్దరు డ్రైవర్లు ఇప్పటికీ ఎక్కడో చెప్పుకుంటనే ఉండొచ్చు.

ఇగ లాభం లేదని, ఆ మనిషిని ఇద్దరి మధ్యల కూసోబెట్టుకున్నరు. తువ్వాలతోని ఎబినేజరన్న నడుముకు కట్టిన్రు. భద్రాచలం దవాఖానా దాక అక్క అతని చెవుల మాట్లాడుతనే ఉన్నది. "నిద్రపోకు అన్నా... నీ బిడ్డ పిలుస్తున్నది... నిద్రపోకు..."

బతికిండు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేటోడు కాదన్నడు డాక్టరు.

పేరు రూప్‌సింగ్. అడవిలోపలి తండా. పొద్దున కబురంది అతని భార్య, గోరి ఆమె పేరు, బిడ్డను చంకన ఎత్తుకొని ఉరికొచ్చింది. మంచం మీద కట్లతోని ఉన్న తండ్రిని చూసి ఆ పిల్ల "బాపూ!" అన్నది. అదే గొంతు.

గోరి అక్క కాళ్ల మీద పడబోయింది. అక్క భుజాలు పట్టి లేపింది.

"నన్నెందుకమ్మా మొక్కుతవ్? నువ్వు విడవకుండ ఫోను చేసినవ్ గనుకనే మేం ఆగినం."

గోరి ఏడుపు ఆపి, అక్క మొఖంలకు చూసింది.

"అవ్ అక్కా, చేసిన. గుట్టెక్కి రాత్రంత చేసిన. కవరేజిల లేడనే వచ్చింది..." అన్నది. "ఒక్కపారి గూడ మోగలే."